గీజర్ వేస్తే ఇల్లంతా కరెంటు పోతోందా? లోపం ఎక్కడుందో ఒక్కో మెట్టుగా పట్టుకుందాం

పోయిన కార్తీకంలో ఒక పొద్దున నల్గొండలో దేవరకొండ రోడ్డు దిక్కు ఉండే మా అక్క ఫోన్ చేసింది. "తమ్మీ, గీజర్ ఏసుడుతోనే ఇంట్ల కరెంటు మొత్తం పోతుండె. నిన్న ఒకాయన వచ్చి బాగు చేసిండు, ఇప్పుడు పోతలేదు. కానీ నల్లా ముట్టుకుంటే చెయ్యి జిల్లుమంటుంది."

నాకు గుండె ఆగినంత పనైంది. "అక్కా, మెయిన్ దించెయ్యి. నేను వచ్చేదాక పిల్లల్ని బాత్‌రూంలకు పోనియ్యకు" అని చెప్పి బండి తీశాను. వెళ్లి గీజర్ కింది మూత విప్పితే ఆకుపచ్చ ఎర్త్ వైరు కత్తిరించి, కొసకు నల్ల టేపు చుట్టి ఉంది. ఆయన చేసిన రిపేరు అదే. ట్రిప్ ఆగింది, లీకేజీ మాత్రం అలాగే ఉంది. ఎర్త్ గుండా భూమిలోకి పోవాల్సిన కరెంటు ఇప్పుడు నీళ్లలో, నల్లాలో కూర్చుని ముట్టుకునే మనిషి కోసం చూస్తోంది.

చాలా ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను. ఇలాంటి 'రిపేర్లు' చూసిన ప్రతిసారీ బాధేస్తుంది, ఎందుకంటే అసలు లోపం పట్టుకోవడం అంత కష్టమేమీ కాదు. వరస తెలిస్తే చాలు. స్క్రూ విప్పకముందే సగం సంగతి తెలిసిపోతుంది. ఆ వరసే ఇక్కడ రాస్తున్నాను. ఎక్కడిదాకా మీరు చేయొచ్చో, ఎక్కడ ఆగి ఎలక్ట్రీషియన్‌ను పిలవాలో కూడా చెబుతాను.

మొదటి మెట్టు: ముందు ప్రాణం, తర్వాత గీజర్

నల్లా, షవర్, గీజర్ బాడీ ఎక్కడ ముట్టుకున్నా జిల్లుమంటే ఇక పరీక్షలేమీ పెట్టుకోకండి. మెయిన్ దించండి. తడి కాళ్లతో, ఒట్టి కాళ్లతో బోర్డు దగ్గరికి పోవద్దు. పొడి రబ్బరు చెప్పులు వేసుకోండి. పక్కన ఇంకో మనిషి ఉండాలి.

విప్పి చూసే పని ఏదైనా సరే, బోర్డులో గీజర్ లైను మీట (ఎంసీబీ) దించి, ప్లగ్గు కూడా పీకిన తర్వాతే. కొన్ని ఇళ్లల్లో ప్లగ్గు ఉండదు, వైరు నేరుగా స్విచ్ డబ్బాలోకి పోతుంది. అలాంటప్పుడు ఇంటి మెయినే దించాలి. దించాక కూడా మల్టీమీటరు పెట్టి ఫేజు-న్యూట్రల్, ఫేజు-ఎర్త్, న్యూట్రల్-ఎర్త్ మూడూ కొలిచి కరెంటు లేదని తేల్చుకోండి. స్క్రూడ్రైవర్ టెస్టర్‌లో బల్బు వెలగలేదు కదా అని చెయ్యి పెట్టొద్దు. ఆ టెస్టర్ ఎన్నోసార్లు అబద్ధం చెబుతుంది.

రెండో మెట్టు: బోర్డులో ఏ మీట పడిందో చూడండి

"ట్రిప్ అయింది" అని అందరూ అంటారు, ఏది ట్రిప్ అయిందో చూసేవాళ్లు తక్కువ. బోర్డులో రెండు రకాల మీటలు ఉంటాయి.

ఎంసీబీ సన్నగా ఉంటుంది. గదికి ఒకటో, లైనుకు ఒకటో ఉంటుంది. దాని మీద సి16, సి10 లాంటి అంకెలుంటాయి. వైరు మోయగలిగినదానికంటే ఎక్కువ కరెంటు పారినా, ఫేజు-న్యూట్రల్ నేరుగా కలిసిపోయినా అది పడుతుంది. అది కాపాడేది వైరును.

ఆర్‌సీసీబీ అంతకు రెట్టింపు వెడల్పు ఉంటుంది. మూడు ఫేజుల కనెక్షన్ అయితే ఇంకా వెడల్పు. మీద 'టి' అక్షరంతో చిన్న బటన్ ఉంటుంది. మన దగ్గర చాలామంది దీన్ని ఈఎల్‌సీబీ అనే పిలుస్తారు. ఫేజులో పోయిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా లేదా అని అది ప్రతిక్షణం లెక్క చూస్తుంది. తేడా వచ్చిందంటే ఆ కరెంటు ఎక్కడో భూమిలోకి కారుతున్నట్టు. ఇళ్లల్లో పెట్టేది 30 మిల్లీ ఆంపియర్లది. తేడా 15 దాటాక ఎప్పుడైనా పడొచ్చు, 30 వచ్చేసరికి పడి తీరాలి. మీ దాని మీద 100 అనో 300 అనో ఉంటే అది మనిషిని కాపాడటానికి చాలదు, దాన్ని మార్పించండి.

ఎంసీబీ పడితే ఎక్కువ కరెంటు గొడవ. ఆర్‌సీసీబీ పడితే కారుతున్న కరెంటు గొడవ. గీజర్ విషయంలో పడేది ఎక్కువగా ఆర్‌సీసీబీయే, కాబట్టి దాని గురించే ఎక్కువ రాస్తాను.

మూడో మెట్టు: ఎప్పుడు పడుతోందో రాసుకోండి

నేను ఎవరింటికి వెళ్లినా మొదట అడిగేది ఇదే. మీటరు తీసేది తర్వాత. స్విచ్ వేసిన క్షణమే పడుతోందా, పది నిమిషాలు ఆగి పడుతోందా, గీజర్ ఆఫ్‌లో ఉన్నా పడుతోందా? ఒక కాగితం మీద టైముతో సహా రాయండి. రెండు మూడుసార్లు పడితే చాలు, తీరు తెలిసిపోతుంది. ఊరికే మళ్లీ మళ్లీ లేపి చూడొద్దు.

స్విచ్ వేయగానే పడితే: కాయిల్ పూర్తిగా చెడి ఉంటుంది, లేదా టెర్మినళ్ల మీద నీళ్లు పడుతున్నాయి. కాయిల్ అంటే నీళ్లు కాచే భాగం, పైకి ఒక గొట్టంలా కనిపిస్తుంది. గొట్టం రాగిది లేదా ఇన్‌కలాయ్ లోహానిది. లోపల సన్నని నైక్రోమ్ తీగ చుట్ట, దాని చుట్టూ దట్టించిన మెగ్నీషియం ఆక్సైడ్ పొడి ఉంటాయి. తీగకూ గొట్టానికీ మధ్య కరెంటు దూకకుండా ఆపేది ఆ పొడే. గొట్టానికి సూదిమొనంత బెజ్జం పడితే నీళ్లు లోపలికి పోయి పొడి తడుస్తుంది. ఆపే గుణం పోతుంది.

కాసేపు బాగా నడిచి వేడెక్కాక పడితే: గొట్టంలో వెంట్రుక వాసి పగులు ఉందనుకోవచ్చు. చల్లగా ఉన్నప్పుడు మూసుకునే ఉంటుంది, వేడికి సాగి తెరుచుకుంటుంది. చల్లగా ఉన్నప్పుడు కొలిస్తే మీటరు అంతా బాగుందనే చెప్పొచ్చు. వేడి మీద పడిన వెంటనే ప్లగ్గు పీకి కొలిస్తేనే దొంగ దొరుకుతాడు.

ఎండాకాలమంతా ఆపేసి, చలి మొదలయ్యాక తొలిసారి వేసిన రోజు పడితే: మన దిక్కు ఇది చాలా మామూలు. ఉగాది దాటాక గీజర్ ఎవరూ వేయరు, మళ్లీ దీపావళి తర్వాతే. ఆ ఏడెనిమిది నెలల్లో, ముఖ్యంగా వానల్లో, గాలిలోని తేమ కాయిల్ కొసల్లోంచి లోపలి పొడికి పాకుతుంది. గొట్టం బాగుంటే పొడిబారాక మళ్లీ కోలుకునే వీలుంది.

ఇక గీజర్ స్విచ్ ఆఫ్‌లో ఉండగానే పడితే: ఇదే అందరినీ తికమక పెట్టేది. జడ్చర్లలో ఒకింట్లో మిక్సీ వేస్తే ఆర్‌సీసీబీ పడుతోందని కొత్త మిక్సీ కొన్నారు. అయినా ఆగలేదు. చివరికి తప్పు గీజర్‌ది. మామూలు స్విచ్ ఫేజును మాత్రమే కోస్తుంది, న్యూట్రల్ కాయిల్‌కు తగిలే ఉంటుంది. న్యూట్రల్ కొసకు దగ్గరగా కాయిల్ బాడీకి అంటుకుంటే, గీజర్ లోపల న్యూట్రల్, ఎర్త్ కలిసిపోయినట్టే. వంటింట్లో మిక్సీ తిప్పినప్పుడు తిరిగొచ్చే కరెంటులో కొంత ఆర్‌సీసీబీ గుండా రాకుండా ఈ దొంగదారిన భూమిలోకి పోతుంది. ఆర్‌సీసీబీకి లెక్క తప్పుతుంది, పడిపోతుంది. అందుకే పరీక్ష చేసేటప్పుడు గీజర్ స్విచ్ కట్టేస్తే సరిపోదు, ప్లగ్గు పీకాలి. ఈ ఒక్క సంగతి తెలియక ఎంతమంది బంగారం లాంటి మిక్సీలు, ఫ్రిజ్‌లు మార్చుకున్నారో!

నాలుగో మెట్టు: తప్పు గీజర్‌దా, వైరింగ్‌దా

గీజర్ ప్లగ్గు పీకండి. బోర్డులో ఎంసీబీలన్నీ దించి, ఆర్‌సీసీబీ ఒక్కటి లేపండి. నిలబడితే ఎంసీబీలు ఒక్కొక్కటే లేపుతూ, మధ్యలో ఒక నిమిషం ఆగుతూ పోండి. ఏది లేపగానే పడుతుందో ఆ లైనులో లోపం ఉంది. ఎంసీబీలన్నీ దించినా ఆర్‌సీసీబీ నిలబడకపోతే, ఆర్‌సీసీబీయే చెడి ఉండొచ్చు, లేదా ఎక్కడో న్యూట్రల్ ఎర్త్‌కు అంటుకుని ఉండొచ్చు. మామూలు స్విచ్ లాగే ఒంటి ఎంసీబీలు కూడా న్యూట్రల్‌ను కోయవు. ఇక్కడికి వస్తే మీరు ఆగండి. బోర్డు విప్పే పని ఎలక్ట్రీషియన్‌ది.

గీజర్ పీకాక అన్నీ నిలబడితే, అదే సాకెట్‌లో ఇస్త్రీపెట్టె పెట్టి చూడండి. బాత్‌రూంలో తడి లేకుండా చూసుకుని, ఇస్త్రీపెట్టె పొడి బల్ల మీద ఉంచి, వేడెక్కేదాకా ఐదు నిమిషాలు ఆగండి. వంటింట్లో బాగా పనిచేసే ఇస్త్రీపెట్టె ఇక్కడ ఆర్‌సీసీబీని పడగొడితే తప్పు గోడలోని వైరుదో సాకెట్‌దో. కొత్త ఇళ్లల్లో టైల్స్ వేసేటప్పుడు, షవర్‌కు డ్రిల్లు కొట్టేటప్పుడు వైరు పైపు బెజ్జం పడిన సంగతులు నేను చాలా చూశాను. గోడ తడిసిన రోజున అక్కడ లీకేజీ మొదలవుతుంది. ఇస్త్రీపెట్టె హాయిగా వేడెక్కితే వైరింగ్ చాలావరకు బాగున్నట్టే, ఇక గీజర్ సంగతి చూద్దాం.

ఐదో మెట్టు: మల్టీమీటరు పెట్టి కొలవడం

మామూలు డిజిటల్ మీటరు చాలు. గీజర్ ప్లగ్గు పీకి చేతిలో పట్టుకోండి. గీజర్ మీద చిన్న స్విచ్ ఉంటే ఆన్‌లో పెట్టండి. నీళ్లు చల్లగా ఉండాలి, అప్పుడే థర్మోస్టాట్ (నీళ్లు కాగగానే కరెంటు కోసే భాగం) కలిసి ఉంటుంది. మీటరును ఓముల మీద పెట్టండి.

ముందు ప్లగ్గులోని రెండు సన్న పిన్నుల మధ్య, అంటే ఫేజు-న్యూట్రల్ మధ్య కొలవండి. 230 వోల్టుల దగ్గర 2 కిలోవాట్ల గీజర్ సుమారు 26 ఓములు చూపాలి. చిన్న ఇన్‌స్టంట్ గీజర్లు ఎక్కువగా 3 కిలోవాట్లవి ఉంటాయి, అవి 17, 18 చూపుతాయి. ఒకటి రెండు అటూ ఇటూ అయినా పర్వాలేదు. సున్నాకు దగ్గరగా ఉంటే షార్ట్. అసలేమీ చూపకుండా ఓఎల్ అని వస్తే కాయిల్ తెగింది, లేదా ఎక్కువ వేడికి పడే కటౌట్ పడింది. అప్పుడు నీళ్లు కాగవు, అంతేగానీ ట్రిప్ కాదు.

ఇప్పుడు అసలు కొలత. మీటరును పెద్ద రేంజ్‌కు మార్చి, సన్న పిన్నుకూ లావు ఎర్త్ పిన్నుకూ మధ్య కొలవండి. రెండు సన్న పిన్నులతోనూ ఇలాగే చేయాలి. బాగున్న గీజర్‌లో రెండుసార్లూ ఓఎల్ రావాలి, లేదా మెగా ఓముల్లో ఉండాలి. లెక్క చిన్నదే: 230 వోల్టులకు 30 మిల్లీ ఆంపియర్లు పారాలంటే అడ్డం 7,600 ఓములు మాత్రమే ఉండాలి. 15 మిల్లీ ఆంపియర్లకు 15 వేల ఓములు. అంటే మీటరు 15 వేల కంటే తక్కువ చూపితే ఆర్‌సీసీబీ పడటంలో ఆశ్చర్యం లేదు. లక్ష ఓములు చూపినా దాన్ని బాగుందనుకోవద్దు. ఇవాళ లక్ష ఉన్నది వేడెక్కితే పదివేలకు దిగొచ్చు.

అక్క ఇంట్లో గీజర్‌కు ఎర్త్ వైరు కత్తిరించి ఉంది కాబట్టి పిన్ను పనికిరాలేదు, మీటరు వైరును నేరుగా ట్యాంకు బోల్టుకు పెట్టాను. ఒక కొస నుంచి 9 వేలు, ఇంకో కొస నుంచి కూడా ఇంచుమించు అంతే. కాయిల్ ఓములు ఇరవై ఆరే కాబట్టి రెండు కొసల నుంచీ ఒకేలా కనిపిస్తుంది. అదే తీగ గొట్టానికి నేరుగా అతుక్కుపోయి ఉంటే ఒక దిక్కు 20, ఇంకో దిక్కు 6 ఓములు అన్నట్టు వస్తుంది. ఆ రెండూ కూడితే కాయిల్ మొత్తం ఓములు. అలా కనబడితే ఇక అనుమానమే అక్కర్లేదు, కాయిల్ పోయింది.

ఒక మాట. మల్టీమీటరు లోపల ఉండేది చిన్న బ్యాటరీ, కొన్ని వోల్టులతోనే కొలుస్తుంది. 230 వోల్టుల దెబ్బకు మాత్రమే బయటపడే లీకేజీ దానికి దొరకకపోవచ్చు. మీటరు బాగుందంటున్నా గీజర్ వేస్తే పడుతుంటే, 500 వోల్టుల మెగ్గర్ (ఎక్కువ వోల్టులతో లీకేజీ కొలిచే మీటరు) ఉన్న మెకానిక్‌ను పిలవండి. డిజిటల్ డిస్‌ప్లే ఉన్న గీజర్ అయితే మెగ్గర్ పెట్టే ముందు ఆ బోర్డు వైర్లు విడదీయమని గుర్తు చేయండి, లేకపోతే అది కాలిపోతుంది.

ఆరో మెట్టు: మూత విప్పితే ఏం చూడాలి

ప్లగ్గు పీకి, బోర్డు దించి ఉందని ఇంకోసారి చూసుకోండి. నిలువు గీజర్లలో మూత కిందే ఉంటుంది, రెండు మూడు స్క్రూలు. వైర్లు ముట్టుకోకముందే ఫోన్‌తో ఫొటో తీయండి. తిరిగి బిగించేటప్పుడు ఆ ఫొటోయే దిక్కు.

టార్చి వేసి నెమ్మదిగా చూడండి. కాయిల్ కూర్చునే ఫ్లాంజ్ (బోల్టులతో బిగించే పళ్లెం) చుట్టూ తడి ఉందా? గాస్కెట్ (దాని కింద నీళ్లు కారకుండా వేసే రబ్బరు) గట్టిపడి నీళ్లు చుక్కలుగా కారితే అవి నేరుగా టెర్మినళ్ల మీదే పడతాయి. వాటి దారిలో తెల్లని ఉప్పు చార, రాగి ఉన్నచోట పచ్చని చిలుము కనిపిస్తాయి. ఏదైనా వైరు కొస నల్లబడి, ప్లాస్టిక్ కరిగిందా? అది వదులైన స్క్రూ పని. చీమల గూళ్లు, ఎండిపోయిన బల్లులు కూడా నేను టెర్మినళ్ల మధ్య నుంచి తీశాను.

కంటికి ఏమీ కనబడకపోతే కాయిల్ రెండు వైర్లూ ఊడదీసి, ఒక్కో భాగాన్ని విడిగా కొలవండి. కాయిల్ టెర్మినల్‌కూ ట్యాంకు బాడీకీ మధ్య కొలిస్తే కాయిల్ సంగతి తెలుస్తుంది. ఊడదీసిన వైర్లకూ ఎర్త్‌కూ మధ్య కొలిస్తే కేబుల్, థర్మోస్టాట్, ఇండికేటర్ బల్బు సంగతి తెలుస్తుంది. పదింట ఎనిమిదిసార్లు నాకు కాయిలే దొరుకుతుంది. కానీ కొలవకుండా కాయిల్ కొనకండి. వందల రూపాయలు పెట్టి కొత్తది వేశాక, తప్పు చిన్న గాస్కెట్‌దని తేలితే ఎంత బాధ!

టెర్మినళ్లు తడిసినందుకే లీకేజీ ఉంటే తుడిచి, బాగా ఆరనిచ్చి మళ్లీ కొలవండి. కొలత మెగా ఓముల్లోకి ఎక్కి రెండో రోజు కూడా అలాగే నిలబడితే గాస్కెట్ మార్చి వాడుకోవచ్చు. ఎక్కకపోతే కాయిల్ మార్చడమే.

ఏడో మెట్టు: కాయిల్ మార్చడం

ఇక్కడ మన నీళ్ల గురించి చెప్పాలి. నల్గొండ అనగానే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. ఆ నీళ్లతో మర్రిగూడ, మునుగోడు దిక్కు ఎముకలు వంగిపోయిన మనుషుల్ని చూస్తూ పెరిగినవాళ్లం మనం. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచంలో నల్గొండ టెక్నిక్ అనే పేరు. అందుకే చాలామంది కాయిల్‌ను తినేది కూడా ఫ్లోరైడే అనుకుంటారు. కానీ కాయిల్ మీద గార కట్టేది నీటిలోని గట్టితనం, అంటే కాల్షియం, మెగ్నీషియం లవణాలు. నీళ్లు వేడెక్కితే అవి విడిపోయి వేడి గొట్టానికే అంటుకుంటాయి. గార మందంగా పట్టాక వేడి నీళ్లలోకి పోలేక గొట్టంలోనే ఉండిపోతుంది. గొట్టం మాడి మాడి ఒకచోట పగులుతుంది.

అక్క ఇంటి కాయిల్ బయటికి లాగితే గొట్టం కనబడలేదు. పీచులేని కొబ్బరికాయ ముక్కలా తెల్లగా, గరుకుగా, బొటనవేలంత మందం గార. వేలితో నొక్కితే పెచ్చులుగా రాలింది. ఒంపు దగ్గర పెచ్చు రాలిన చోట గొట్టం మీద నల్లని గీత, గోరు పెట్టి గీస్తే తగిలేంత. దాని చుట్టూ పచ్చని చిలుము. వాళ్లకు మిషన్ భగీరథ పైపుల్లో నదీజలాలు వస్తాయి, కానీ డాబా మీది ట్యాంకు నింపేది బోరుతో. బోరు నీళ్లే గీజర్‌లోకి పోతాయి. వీలైతే గీజర్‌కు పోయే లైనుకు బోరు నీళ్లు కాకుండా నదీజలాలు ఇచ్చుకోండి.

మార్చే తీరు ఇది. నీళ్ల వాల్వ్ కట్టేయండి. వేడినీళ్ల నల్లా తిప్పి ఒత్తిడి వదలండి. నీళ్లు కాగి ఉంటే చల్లారేదాకా ఆగండి. సేఫ్టీ వాల్వ్ మీటతో గానీ, చల్లనీళ్ల పైపు ఊడదీసి గానీ ట్యాంకు ఖాళీ చేయండి. 25 లీటర్లు కిందికి వస్తాయి, రెండు బకెట్లు పెట్టుకోండి. ఫ్లాంజ్ బోల్టులు విప్పితే కాయిల్, దానితోపాటు థర్మోస్టాట్ గొట్టం, మెగ్నీషియం రాడ్డు కిందికి దిగుతాయి. ఆ రాడ్డు తాను కరిగిపోతూ ట్యాంకును తుప్పు నుంచి కాపాడుతుంది. కొత్త కాయిల్ వేసేటప్పుడే కొత్త రాడ్డు కూడా వేయండి, మళ్లీ మళ్లీ విప్పే పని ఉండదు. ట్యాంకు అడుగున పేరుకున్న ఉప్పును చేత్తో తీయండి. గాజు పూత ఉన్న ట్యాంకులో ఇనుప గరిటె పెట్టి గీకితే పూత లేచిపోయి ట్యాంకే పోతుంది.

కొత్త కాయిల్ అంతే వాట్లది ఉండాలి. నీళ్లు త్వరగా కాగుతాయని 2 కిలోవాట్ల చోట 3 పెట్టొద్దు. కరెంటు 8.7 ఆంపియర్ల నుంచి 13కు ఎగబాకుతుంది, పాత వైరు, పాత సాకెట్ తట్టుకోవు. గాస్కెట్ కొత్తదే వేయాలి. బోల్టులు ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించండి.

నీళ్లు వదిలి, వేడినీళ్ల నల్లాలో బుడగలు పోయి ధార నిండుగా వచ్చేదాకా ఆగండి. ట్యాంకు నిండకముందే స్విచ్ వేస్తే కొత్త కాయిల్ నిమిషాల్లో కాలిపోతుంది. నిండాక పావుగంట చూసి, ఎక్కడా చుక్క లేదని తేలాక పిన్నుల మధ్య మళ్లీ కొలిచి, ఆ తర్వాతే ప్లగ్గు పెట్టండి.

ఎనిమిదో మెట్టు: ఎర్త్

ఎర్త్ వైరు కోయడం ఎందుకంత ప్రమాదమో లెక్కలో చూడండి. నల్గొండ, మహబూబ్‌నగర్ దిక్కు చాలాచోట్ల నాలుగు అడుగులు తవ్వితే రాయి తగులుతుంది. ఎండాకాలం ఆ ఎర్రమట్టి ఎముకలా ఎండిపోతుంది. అలాంటి నేలలో ఎర్త్ నిరోధం 50 ఓములు ఉందనుకుందాం. ఫేజు గీజర్ బాడీకి నేరుగా అంటుకున్నా 230ని 50తో భాగిస్తే 4.6 ఆంపియర్లే పారతాయి. 16 ఆంపియర్ల ఎంసీబీకి అది లెక్కే కాదు, పడదు. గీజర్ బాడీ ఫేజుగా మారి అలాగే ఉండిపోతుంది. ఎంసీబీ ఉంది కదా అని ధైర్యంగా ఉండే ఇళ్లల్లో ప్రాణాలు పోయేది ఇలాగే. అదే ఎర్త్, దానికి తోడు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉంటే, బాడీ మీద ఒకటిన్నర వోల్టు లేచేసరికే కరెంటు ఆగిపోతుంది. మన రాతి నేలలో ఆర్‌సీసీబీ, ఎర్త్ రెండూ ఉండాలి. ఏ ఒక్కటి తీసేస్తానన్నా, ఎంత దగ్గరివాడైనా సరే, ఒప్పుకోకండి.

బోర్డు దించి, ప్లగ్గు పీకి, దాని లావు ఎర్త్ పిన్నుకూ గీజర్ ట్యాంకు బోల్టుకూ మధ్య ఓములు కొలవండి. ఒక ఓము లోపే ఉండాలి. గుంతలోని ఎర్త్ ఎంత మంచిదో ఇంటి మీటరుతో తేలదు, దానికి ఎర్త్ టెస్టర్ కావాలి. ఫేజు-ఎర్త్ మధ్య 230 వోల్టులు చూపినంత మాత్రాన ఎర్త్ బాగున్నట్టు కాదు. మీటరు గుండా కరెంటు దాదాపు పారదు కాబట్టి చెడ్డ ఎర్త్ కూడా మంచిదిలాగే కనిపిస్తుంది. కానీ 100, 150 లాంటి అంకె వస్తే మాత్రం ఎర్త్ తెగిపోయిందని అనుకోండి.

కొందరు ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య బల్బు పెట్టి చూస్తారు. ఆ పని చేయకండి. ఎర్త్ తెగి ఉంటే ఇంట్లో ఎర్త్‌కు కలిసిన ప్రతి ఇనుప వస్తువూ ఆ క్షణంలో ఫేజు అయిపోతుంది. ఫ్రిజ్ తలుపు పట్టుకున్న మనిషికి షాకు కొడుతుంది.

ఎండాకాలంలో ఎర్త్ గుంతలో వారానికోసారి రెండు బకెట్ల నీళ్లు పోయండి. గుంత ఎక్కడుందో ఇంట్లో ఎవరికీ తెలియకపోతే ముందు అది వెతకండి.

గీజర్ బాగుండి కూడా పడుతుంటే

ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో మొదట దాన్నే అనుమానించండి. ఇన్వర్టర్ పెట్టేటప్పుడు, ఆర్‌సీసీబీ తర్వాతి లైను న్యూట్రల్‌ను దాని ముందున్న న్యూట్రల్‌తో కలిపేస్తుంటారు. ఫేజు ఆర్‌సీసీబీ గుండా పోతుంది, న్యూట్రల్ వేరే దారిన వస్తుంది. లెక్క ఎప్పటికీ కుదరదు. ఇన్వర్టర్ బిగించిన వారం నుంచే గొడవ మొదలైందా అని గుర్తు తెచ్చుకోండి. వైర్లు సరిచేయడం గంట పని.

వాన పడితేనే పడుతుంటే గేటు లైటు, డాబా మీది బల్బు, బోరు మోటారు స్టార్టర్ డబ్బా చూడండి. వాటిని ఒక్కొక్కటే విడదీసి చూస్తే దొరుకుతుంది. ఇక ఆర్‌సీసీబీ కాకుండా ఎంసీబీ పడుతుంటే సంగతి చిన్నది. వెంటనే పడితే షార్ట్. అరగంటకు పడితే 3 కిలోవాట్ల గీజర్‌కు 10 ఆంపియర్ల ఎంసీబీ ఉందేమో చూడండి, లేదా బోర్డులో స్క్రూ వదులై వేడెక్కుతోంది. ఎంసీబీ పెద్దది వేసి సరిపెట్టొద్దు. వైరు 2.5 చదరపు మిల్లీమీటర్లకు తక్కువైతే ముందు వైరు మార్చాలి. ఇంటి కరెంటు మీటరు దగ్గరో స్తంభం దగ్గరో తేడా అనిపిస్తే కరెంటోళ్ల ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేయండి, సీలు మీరు ముట్టుకోకండి.

ఇదే వరస వాషింగ్ మెషీన్‌కూ పనికొస్తుంది. ఇప్పుడు అపార్ట్‌మెంట్లలో బట్టలు ఆరబెట్టే డ్రయ్యర్లు కూడా వస్తున్నాయి. వాటిలోనూ మొదటి అనుమానం హీటర్ మీదే. వేడి లేకుండా ఒట్టి గాలితో తిప్పే ప్రోగ్రాంలో నడిపి చూడండి. అప్పుడు పడకుండా, వేడి మొదలయ్యాకే పడితే హీటర్. రెండింట్లోనూ పడితే మోటారు, పంపు, లేదా కరెంటు లోపలికి వచ్చేచోట ఉండే ఫిల్టర్. నూలు దుమ్ము తేమతో కలిసి టెర్మినళ్ల మీద పేరుకున్నా చాలు, లీకేజీ మొదలవుతుంది.

చివరి మెట్టు: బాగైందని తేల్చుకోవడం

అన్నీ బిగించాక ఆర్‌సీసీబీ మీది 'టి' బటన్ నొక్కండి. టక్కున పడాలి. పడకపోతే ఆ ఆర్‌సీసీబీ పనికిరాదు, అదే రోజు మార్పించండి. ఈ బటన్ ఆర్‌సీసీబీని మాత్రమే పరీక్షిస్తుంది, ఎర్త్ వైరు ఉందో లేదో చెప్పదు. నెలకోసారి నొక్కడం అలవాటు చేసుకోండి.

తర్వాత బాత్‌రూంలో ఎవరూ లేకుండా గీజర్ వేసి, థర్మోస్టాట్ కోసేదాకా ఆగండి. వేడినీళ్లు కొంచెం వదిలి, మళ్లీ ఆన్ అయి మళ్లీ కోసేదాకా చూడండి. రెండుసార్లు నిలబడ్డాక, ప్లగ్గు పీకి వేడి మీదే పిన్నులకూ ఎర్త్‌కూ మధ్య ఇంకోసారి కొలవండి.

అక్క ఇంట్లో ఎర్త్ వైరు మళ్లీ కలిపి, కొత్త కాయిల్ వేసి, ఇదంతా చేసేసరికి మధ్యాహ్నం మూడైంది. పాత కాయిల్ పారేయొద్దని బావ అడిగితే ఇచ్చాను. పగులు ఉన్నచోట ఎర్ర దారం కట్టి బోర్డు పక్కన మేకుకు తగిలించాడు. గీజర్ చూడటానికి ఎవరొచ్చినా, ఎర్త్ వైరు ముట్టుకోకముందు అది చూపిస్తున్నాడు.